డబ్బా మీద "ఆర్‌డీఏలో ఇంత శాతం" అంటే ఎవరి లెక్క?

గోదారిపిల్ల
మా బాబుకి ఏడేళ్లు. పాలల్లో కలిపే పొడి నెలకో డబ్బా కొంటాం. కంపెనీ పేరు చెప్పను, షాపులో నాలుగు డబ్బాలు తిప్పి చూస్తే అన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ముందు వైపు "రోజుకు కావాల్సిన కాల్షియంలో దాదాపు సగం" అని పెద్ద అక్షరాలతో ఉంది. వెనక పట్టికలో వంద గ్రాముల పొడికి మొత్తం చక్కెరలు 37 గ్రాములు, అందులో విడిగా కలిపింది 32 గ్రాములు అని ఉంది. ఒక సర్వింగ్ అంటే 20 గ్రాములట. కలిపిన చక్కెర పక్కన ఆర్‌డీఏలో, అంటే రోజుకు ఇంత అని సూచించే మోతాదులో, 13 శాతం. కాల్షియంకి ఒక గడిలో 10 శాతం, పక్క గడిలో 46 శాతం.

ఈ ఆర్‌డీఏ ఎవరిది? పిల్లాడిదా, నాదా? పదమూడు శాతమేగా, ఏం కాదులే అంటారు మా ఆయన. ఇది మానేస్తే మనవడు ఎదగడని మా అత్తగారి బెంగ. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

శ్రీను_విశాఖ
వందకి 37 అంటే డబ్బాలో మూడో వంతు పైన పంచదారే. ఇంక శాతాలతో పనేముంది?

డైటీషియన్_లత
శ్రీను గారూ, 37లో కొంత పాలపొడిలో సహజంగా ఉండే లాక్టోజ్ లాంటిది కూడా ఉంటుంది. చూడాల్సింది ఆ 32. అదీ తక్కువేం కాదు.

ఇక ఆర్‌డీఏ సంగతి. ఒక వయసు ఆరోగ్యవంతుల్ని తీసుకుంటే వాళ్లలో సగం మందికి సరిపోయే మోతాదుని ఈఏఆర్ అంటారు. దాని మీద ఇంకొంత పెంచి, నూటికి 97 మందికి సరిపోయేలా పెట్టిన అంకె ఆర్‌డీఏ. అంటే చాలామందికి నిజంగా కావాల్సిన దానికన్నా ఇది కాస్త ఎక్కువే ఉంటుంది. మన దేశానికి ఈ అంకెలు ఇచ్చేది హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్. 2020లో సవరించినప్పుడు ప్రామాణిక పురుషుడి బరువు 65 కిలోలు, స్త్రీ బరువు 55 కిలోలుగా తీసుకున్నారు. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకి రోజుకు ప్రొటీన్ 23 గ్రాములు, కాల్షియం 650 మిల్లీగ్రాములు.

లేబుల్ మీద చక్కెర, కొవ్వు, సోడియం శాతాలకి మాత్రం వేరే లెక్క. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం 2000 కేలరీలు తినే పెద్దవాళ్లని తీసుకుంటారు. రోజుకు మొత్తం కొవ్వు 67 గ్రాములు, సంతృప్త కొవ్వు 22, కలిపిన చక్కెర 50, సోడియం 2000 మిల్లీగ్రాములు. మీ డబ్బాలో 20 గ్రాముల పొడికి చక్కెర 6.4 గ్రాములు. 50లో అది 13 శాతం. అంటే ఆ పదమూడు మీ ఆయన లెక్క, బాబుది కాదు. పట్టిక కింద చుక్క గుర్తుల దగ్గర ఏం రాశారో చూసి చెప్పండి.

గోదారిపిల్ల
లత గారూ, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ కనపడలేదు. ఒక చుక్కకి "2000 కేలరీల ఆహారం తీసుకునే సగటు వయోజనులకు" అని ఉంది, అది చక్కెర, కొవ్వు వరసలకి. రెండు చుక్కలకి "7–9 ఏళ్ల పిల్లలకు" అని ఉంది, అది విటమిన్లు, కాల్షియం వరసలకి.

రమణ_లెక్కలు
చక్కెరని పెద్దవాళ్ల కొలతతో భాగించారు కాబట్టి శాతం చిన్నదైంది. కాల్షియంని పిల్లల కొలతతో భాగించారు కాబట్టి శాతం పెద్దదైంది. ఒకే పట్టికలో రెండు కొలతలు. నిబంధన ఒప్పుకుంటుందేమో గానీ చదివే తల్లికి తప్పు బొమ్మ కనపడుతుంది.

బాబు లెక్క వేద్దాం. ఆ వయసుకి ఎన్‌ఐఎన్ చెప్పే శక్తి దాదాపు 1700 కేలరీలు. విడి చక్కెరలు (బయటి నుంచి కలిపినవి, తేనెలో, పండ్ల రసంలో ఉండేవి) మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతానికి తగ్గిస్తే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. గ్రాము చక్కెరకి 4 కేలరీలు. పది శాతం అంటే 42 గ్రాములు, అయిదు శాతం అంటే 21. రోజుకు ఎన్ని గ్లాసులు? పైన ఇంకో చెంచా పంచదార వేస్తారా?

గోదారిపిల్ల
పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చెంచా వేస్తాం, లేకపోతే తాగడు.

రమణ_లెక్కలు
6.4కి చెంచా 5 గ్రాములు కలిపితే గ్లాసుకి 11.4. రెండు గ్లాసులకి 23 గ్రాములు దాకా. బిస్కెట్, చాక్లెట్, జామ్ ఏదీ ముట్టకముందే అయిదు శాతం గీత దాటేశాడు.

పాడి_కృష్ణ
10 శాతం, 46 శాతం గడుల సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటిది ఉత్త పొడిది, రెండోది పాలతో కలిపినది అయ్యుంటుంది. ఆవుపాలు వంద గ్రాములకి కాల్షియం 118 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్లకి దాదాపు 236. బాబుకి కావాల్సిన 650లో అదే 36 శాతం. పొడి చేసేది మిగతా పది. "దాదాపు సగం" అని ముందు వైపు రాసుకున్న దాంట్లో ముప్పాతిక పైగా మా గేదెలూ ఆవులూ ఇచ్చిందే.

గోదారిపిల్ల
అవునండీ, అలాగే ఉంది. "200 మి.లీ. పాలతో" అని.

క్యూఏ_సత్య
నేను ఆహార పరిశ్రమలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను, పాలపొడుల కంపెనీ కాదు. ఒక మాట చెప్పనివ్వండి. ఉత్త పాలు ముట్టని పిల్లలు ఉన్నారు. చెంచా పొడి వేస్తే గ్లాసు ఖాళీ అవుతుంది అంటే ఆ పాల కాల్షియం, ప్రొటీన్ లోపలికి వెళ్లినట్టే కదా. కంపెనీ చక్కెర దాచలేదు, అంకె వేసింది, ఎంత కలిపిందో విడిగా చెప్పింది. మన దేశంలో కలిపిన చక్కెరని విడిగా చూపించడం మొదలైందే ఈ మధ్య. చదివితే అర్థమయ్యేలా ఉంది కాబట్టే ఇప్పుడు ఇక్కడ లెక్కలు వేయగలుగుతున్నాం.

శ్రీను_విశాఖ
సత్య గారూ, ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ కనపడలేదని ఆవిడ చెప్పారు. చూపించడం అంటే అదేనా?

డైటీషియన్_లత
సత్య గారి మాటలో కొంత నిజం ఉంది. పాలు అసలు తాగని పిల్లలకి ఒక చెంచా పొడితో తాగించడం నేనూ చెప్తాను. కానీ దాన్ని "హెల్త్ డ్రింక్" అని అమ్మడం వేరే సంగతి. మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే వర్గమే లేదు. 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ తర్వాత కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకి ఇదే చెప్పాయి, బోర్న్‌విటా లాంటి వాటిని ఆ శీర్షిక కింద పెట్టొద్దని. అదే నెలలో హార్లిక్స్ కూడా ఆ మాట వదిలేసి "ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్" అని మార్చుకుంది.

అత్తగారి బెంగకి నా జవాబు రాగులు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, ఎన్‌ఐఎన్ 2017లో వేసిన ఆహార పట్టికల్లో ఉంది. 30 గ్రాముల పిండితో జావ కాస్తే దాదాపు 109. ఆ పొడి సర్వింగ్ ఇచ్చేది 65. పొడి మానేస్తే పోయేది ఏమిటో ఆవిడకి ఈ రెండు అంకెలు చెప్పండి.

సీమ_సుబ్బన్న
ఈ లేబుళ్లూ శాతాలూ లేని రోజుల్లో మన తాతలు సంకటి తిని నాగలి పట్టలేదా? ఇన్ని లెక్కలు వేసుకుంటే అన్నం ముద్ద దిగుతుందా?

తార్నాక_వాసి
సుబ్బన్న గారూ, రాగిసంకటి తిన్నవాళ్ల సంగతి సరే, తెల్లబియ్యం తిన్నవాళ్ల సంగతి కూడా చూడాలి. ఎన్‌ఐఎన్ ఎలా పుట్టిందో తెలుసా? 1918లో తమిళనాడులోని కూనూరులో, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి మీద పరిశోధనకి చిన్న విభాగంగా బ్రిటిష్ డాక్టరు రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టాడు. అప్పట్లో దేశంలో బెరిబెరి బాగా ఉన్న ప్రాంతం ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తా. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ జబ్బు అంతగా లేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. మనవాళ్లు పచ్చిబియ్యాన్నే తెల్లగా పాలిష్ పట్టించి తినేవాళ్లు, తవుడుతో పాటు విటమిన్ కూడా పోయేది. కాళ్లు వాచి, గుండె పట్టు తప్పి చనిపోయేవాళ్లు.

1958లో ఆ సంస్థ హైదరాబాద్ వచ్చాక ఇక్కడ దొరికిన జబ్బు ఇంకొకటి, పెల్లాగ్రా. జొన్నలే ముఖ్యాహారంగా బతికే పేదల్లో వచ్చేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పగిలిపోతుంది. పోషకాహార శాస్త్రవేత్త సి.గోపాలన్ బృందం దాని మీద చాలా పని చేసింది. తాతలు బలంగా ఉన్నారని మనం చెప్పుకునేది బతికి బట్టకట్టిన తాతల గురించి.

సీమ_సుబ్బన్న
జొన్న మీద మాట పడితే నేను ఊరుకోను. జొన్నతో పాటు పప్పూ ఆకుకూరా మజ్జిగా ఉన్న ఇంట్లో ఆ జబ్బు రాలేదు. జబ్బు తెచ్చింది పేదరికం, జొన్న కాదు.

తార్నాక_వాసి
అందులో నాకూ మీకూ తేడా లేదు. ఒక్కటే తిని బతకాల్సి వచ్చినప్పుడు వచ్చే జబ్బు అది.

కిరాణా_శేషు
కొట్లో కూర్చుని రోజూ చూసేది చెప్తా. జనం ముందు వైపు చదివి బుట్టలో వేసుకుంటారు. డబ్బా ముందు భాగం పెళ్లిళ్ల పేరయ్య మాట లాంటిది, పిల్లలో ఉన్న గుణాలే చెప్తాడు. మల్టీగ్రెయిన్ బిస్కెట్ అని అడిగి తీసుకుంటారు. తిప్పి చూస్తే పదార్థాల జాబితాలో మొదటిది మైదా 51 శాతం, తర్వాత పంచదార, తర్వాత పామాయిల్. రాగి, జొన్న, ఓట్స్ అన్నీ కలిపి అయిదారు శాతం. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలని రూలు. మొదటి మూడు పేర్లు చదివితే చాలు, వస్తువేదో తెలిసిపోతుంది.

నూనె ప్యాకెట్ల మీద "కొలెస్ట్రాల్ లేదు" అని గుండె బొమ్మ కూడా వేస్తారు. వేరుశనగలో కొలెస్ట్రాల్ ఎక్కడి నుంచి వస్తుంది?

డైటీషియన్_లత
ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అది జంతువుల నుంచి వచ్చే వాటిలోనే. నూనెలో చూడాల్సింది సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు. ఏ నూనె అయినా గ్రాముకి 9 కేలరీలే, అందులో మంచి నూనెకి రాయితీ లేదు.

జిమ్_జగదీశ్
ప్రొటీన్ బిస్కెట్లు, ప్రొటీన్ అటుకులు అని వస్తున్నాయి కదా. జిమ్ నుంచి వచ్చాక అవే తింటున్నా. లేబుల్ మీద "సోర్స్ ఆఫ్ ప్రొటీన్" అని స్పష్టంగా ఉంది. అది కూడా మాయేనా?

క్యూఏ_సత్య
మాయ కాదు, నిర్వచనం ఉంది. 2018 క్లెయిమ్స్ నిబంధనల్లో "సోర్స్" అనాలంటే వంద గ్రాములకి ఆర్‌డీఏలో 10 శాతం ఉండాలి, "రిచ్" అనాలంటే 20 శాతం. పురుషుడికి ఆర్‌డీఏ 54 గ్రాములు. పది శాతం అంటే 5.4.

రమణ_లెక్కలు
గోధుమపిండిలోనే వందకి పది గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. మామూలు మైదా బిస్కెట్‌లో ఆరేడు గ్రాములు ఉంటుంది. ఏమీ కలపకపోయినా ఆ గీత దాటేస్తుంది. జగదీశ్ గారూ, వంద గ్రాములకి ఎన్ని గ్రాములో చూసి, దాని పక్కన గుప్పెడు వేయించిన శనగల రేటు పెట్టి చూడండి.

జిమ్_జగదీశ్
కానీ 54 గ్రాములు నాకు చాలదు బ్రో. 80 కిలోలు ఉన్నా, బరువులు ఎత్తుతా. కోచ్ కిలోకి 2 గ్రాములు తినమన్నాడు.

డైటీషియన్_లత
ఆర్‌డీఏ కిలోకి 0.83 గ్రాములు. అది మామూలు ఆరోగ్యవంతులకి. బరువులు ఎత్తేవాళ్లకి ఎక్కువ కావచ్చు, అది మీ కిడ్నీల పరీక్షలు చూసినవాళ్లు చెప్పాలి, కోచ్ కాదు. కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దని ఎన్‌ఐఎన్ 2024 మార్గదర్శకాల్లో నేరుగా చెప్పింది.

మామూలు తెలుగింటి భోజనం లెక్క చూడండి. రోజుకు 300 గ్రాముల బియ్యంలో ప్రొటీన్ దాదాపు 24 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పులో 13, 300 గ్రాముల పాలూ పెరుగులో 10, ఒక గుడ్డులో ఆరున్నర. 53 దాటింది. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. అయితే ఈ లెక్క పప్పు నిండుగా వేసుకునేవాళ్లకి. పప్పుచారులో పప్పు వెతుక్కోవాల్సిన ఇళ్లలో ఇది కుదరదు. అక్కడ లోటు నిజమే.

న్యూజెర్సీ_నాన్న
ఇక్కడా 2000 కేలరీల లెక్కే, కలిపిన చక్కెరకి 50 గ్రాములే. ఆ వరస పెట్టాలని అమెరికాలో 2016లో నిబంధన వచ్చింది. ఒక విషయంలో మాత్రం మన దేశమే నయం. ఇక్కడ సర్వింగ్‌కి అర గ్రాము లోపు ట్రాన్స్ కొవ్వు ఉంటే సున్నా అని వేసుకోవచ్చు. సర్వింగ్ చిన్నది చేస్తే సున్నా అయిపోతుంది. ఇండియాలో "ట్రాన్స్ ఫ్యాట్ ఫ్రీ" అనాలంటే వంద గ్రాములకి 0.2 గ్రాముల లోపే ఉండాలి. సర్వింగ్ ఎంత పెట్టినా తప్పించుకోలేరు.

మాటవరసకి, ఇండియన్ స్టోర్లో ఆవకాయ సీసా సర్వింగ్ ఎంతో తెలుసా? 15 గ్రాములు. ఆవకాయ అన్నం తినే తెలుగువాడెవడైనా అంతటితో ఆపుతాడా?

రమణ_లెక్కలు
మా ఇంట్లో కొన్న సీసా మీద వంద గ్రాములకి సోడియం 5200 మిల్లీగ్రాములు అని ఉంది. ఆ 15 గ్రాముల్లోనే 780. రోజు మొత్తానికి 2000 కదా, 39 శాతం. సోడియంని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది, దాదాపు 2 గ్రాములు. అప్పడం, మజ్జిగ మిరపకాయ ఇంకా ప్లేటులోకి రాలేదు.

బీపీ_భాస్కరం
నాకు డాక్టరు మొదట మాన్పించింది అదే. ఉప్పు తగ్గించిన ఇంటి నిమ్మకాయ పచ్చడి పెట్టుకుంటున్నాం, ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు ఆగుతుంది.

హైమ_కూకట్‌పల్లి
చక్కెర మీద మొదలైంది కాబట్టి ఇది చెప్పాలి. మా పాపకి రెండేళ్లప్పుడు విరేచనాలు పట్టుకుంటే ఒక మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అడిగాను. టెట్రా ప్యాక్ ఇచ్చారు, యాపిల్ రుచి. మూడు అక్షరాలూ పెద్దగా ఉన్నాయి, నేను ఇంకేం చూస్తాను? రాత్రికి విరేచనాలు ఎక్కువయ్యాయి. డాక్టరు ప్యాక్ తిప్పి చూపించారు, వంద మిల్లీలీటర్లకి చక్కెర పది గ్రాములు దాటి ఉంది. పిల్ల కళ్లు లోపలికి పోయి, ఏడిస్తే నీళ్లు రాని స్థితికి వచ్చింది. ఆ రాత్రి టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

డైటీషియన్_లత
అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. గ్లూకోజ్, సోడియం సరైన పాళ్లలో ఉంటేనే పేగు ఆ రెంటితో పాటు నీటిని లోపలికి లాగుతుంది. చక్కెర లీటరుకి వంద గ్రాములుంటే ఒంట్లో నీరే పేగులోకి వచ్చేస్తుంది. పాపకి జరిగింది అదే.

తార్నాక_వాసి
దీని మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. ఒకప్పుడు "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు" అని ఒక వాక్యం వేసి ఆ పేరు వాడుకోవడానికి అనుమతి ఉండేది. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ అనుమతులు రద్దు చేసింది. అసలు ఫార్ములా కాని పానీయం మీద ఓఆర్ఎస్ అనే మాట ఏ రూపంలోనూ ఉండకూడదని చెప్పింది. ఒక్క డాక్టరు పట్టుదల దేశం మొత్తం అల్మారాలు మార్చింది.

హైమ_కూకట్‌పల్లి
ఆవిడకి దండం పెట్టాలి. ఇప్పుడు మా ఇంట్లో కలుపుకునే పొడి ప్యాకెట్లే ఉంచుతున్నాం. లీటరు సీసాకి గీత పెట్టుకున్నాను.

శ్రీను_విశాఖ
జ్యూసుల సంగతి? "100 శాతం పండ్ల రసం" అని ఉన్నవి షుగర్ ఉన్న మా నాన్నకి ఇవ్వొచ్చా?

క్యూఏ_సత్య
చిక్కటి గుజ్జు రసంలో నీళ్లు కలిపి తయారు చేసే వాటి మీద ఆ "100 శాతం" తీసేయమని 2024 జూన్‌లో ఆదేశం వచ్చింది. ఇంక "నో యాడెడ్ షుగర్", "షుగర్ ఫ్రీ" వేరు వేరు. మొదటి దానికి బయటి నుంచి చక్కెర గానీ, చక్కెర బదులు వేసే చిక్కటి రసం లాంటిది గానీ కలపకూడదు. పండులో ఉన్న చక్కెర మాత్రం అలాగే ఉంటుంది. రెండో దానికి వంద గ్రాములకి అర గ్రాము మించి చక్కెర ఉండకూడదు.

డైటీషియన్_లత
నాన్నగారికి పండు కొరికి తినమనండి, రసం వద్దు. షుగర్ ఫ్రీ బిస్కెట్లలో కూడా మైదా ఉంటుంది, అది ఒంట్లో గ్లూకోజే అవుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ అని కనపడితే ఆగండి, అది పిండిపదార్థం నుంచి తీసే పొడి. పట్టికలో అది చక్కెరల వరసలో రాదు, మొత్తం కార్బోహైడ్రేట్లలో కలిసిపోతుంది. రక్తంలో మాత్రం చక్కెరని గబగబా పెంచుతుంది.

అంగన్‌వాడీ_అక్క
అందరూ కొనే డబ్బాల గురించి చెప్తున్నారు, నేను ఫ్రీగా వచ్చే బియ్యం గురించి చెప్తా. రేషన్ బియ్యంలో అక్కడక్కడా వేరే రంగు గింజలుంటాయి, కడిగితే కొన్ని తేలతాయి. ప్లాస్టిక్ బియ్యం అని మా ఊళ్లో ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, మళ్లీ గింజ ఆకారంలో తీసినవి. వంద గింజలకి ఒకటి చొప్పున కలిపారు. బస్తా మీద నీలం రంగులో ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది. అవి ఏరేస్తే మిగిలేది మామూలు బియ్యమే.

తార్నాక_వాసి
అక్కా, ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబ్‌లో తయారు చేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం, అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో, 1940ల్లో. ఊళ్లో వాళ్లకి ఈ మాట కూడా చెప్పి చూడండి.

అంగన్‌వాడీ_అక్క
తప్పకుండా. రక్తహీనత మా దగ్గర ఎంతుందో మీకు తెలీదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రలో 58.8 శాతం. మాత్రలిస్తే కడుపులో వికారమని గూట్లో పెట్టేస్తారు.

డైటీషియన్_లత
ఐరన్ ఆర్‌డీఏ ఆడవాళ్లకి 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకి 19. ఇంత పెద్ద అంకె ఎందుకంటే మన అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టేది కొంచెమే. భోజనం అయిన వెంటనే టీ తాగితే అదీ తగ్గిపోతుంది. గంట ఆగి తాగమనండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండినా, చింతకాయ బదులు ఉసిరి వేసినా విటమిన్ సి ఐరన్‌ని లోపలికి తోస్తుంది.

గోదారిపిల్ల
రెండు రోజులుగా ఇదంతా మా అత్తగారికి చదివి వినిపిస్తున్నాను. 109, 65 అంకెలు ఆవిడకి బాగా నచ్చాయి. సాయంత్రం గ్లాసు బదులు రాగి జావ తనే కాస్తానన్నారు. పొద్దున పాలల్లో పొడి సగం చెంచాకి తగ్గించాం, పైన పంచదార తీసేశాం. జావలో బెల్లం వేస్తే అది కూడా చక్కెర లెక్కలోకి వస్తుందా?

డైటీషియన్_లత
వస్తుందండీ. బెల్లమైనా తేనె అయినా కలిపిన చక్కెరే. బెల్లంలో కొద్దిగా ఖనిజాలుంటాయి, దాని కోసం ఎక్కువ వేయక్కర్లేదు. బాగా మగ్గిన అరటిపండు మెదిపి కలపండి, ఏడేళ్ల పిల్లలు ఇష్టంగానే తింటారు. మజ్జిగ, ఉప్పు వేసిన జావ నచ్చితే ఇంకా మంచిది.

సీమ_సుబ్బన్న
మా వైపు జావలో మజ్జిగే. ఉల్లిపాయ నంజుకోమనండి.

శ్రీను_విశాఖ
ఇవన్నీ మనం కూర్చుని లెక్కలు వేసుకోవాలా? ముందు వైపే ఎర్రగా రాసేస్తే పోలా? చిలీలో 2016 నుంచే నల్ల అష్టభుజాలు వేస్తున్నారు, చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ అని.

క్యూఏ_సత్య
మన దగ్గర 2022లో నక్షత్రాల పద్ధతి ముసాయిదా వచ్చింది, అర నక్షత్రం నుంచి అయిదు దాకా. చక్కెర ఎక్కువున్నా పీచు, ప్రొటీన్ కలిపితే నక్షత్రాలు పెరుగుతాయి కాబట్టి చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు. పరిశ్రమలో పనిచేస్తూ చెప్తున్నాను, నాక్కూడా హెచ్చరిక గుర్తే నయమనిపిస్తుంది. ఉప్పు కొట్టే చిప్స్‌కి మూడు నక్షత్రాలు రావడం నేను మా పిల్లలకి వివరించలేను.

కిరాణా_శేషు
హెచ్చరిక గుర్తు వస్తే కొట్లో అమ్మకం పడుతుంది, తెలుసు. అయినా రావాలి. మా మనవలు కూడా ఈ అల్మారా ముందే పెరుగుతున్నారు.

హైమ_కూకట్‌పల్లి
లేబుల్ తప్పని అనిపిస్తే ఎవరికి చెప్పాలి? షాపువాళ్లని అడిగితే కంపెనీని అడగమంటారు.

క్యూఏ_సత్య
ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ యాప్, వెబ్‌సైట్ ఉన్నాయి. ప్యాకెట్ ముందు, వెనక, పదార్థాల జాబితా విడివిడిగా ఫొటోలు తీయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, 14 అంకెల లైసెన్స్ నంబరు స్పష్టంగా పడాలి. బిల్లు ఉంచుకోండి. ప్యాకెట్ పారేయొద్దు. ఏ మాట తప్పనిపించిందో ఒక్కటే రాయండి, "వంద గ్రాములకి చక్కెర ఇంత ఉండగా షుగర్ ఫ్రీ అన్నారు" అన్నట్టు. నాలుగు ఫిర్యాదులు ఒకే దాంట్లో కలిపితే ఏ ఒక్కటీ ముందుకు కదలదు.